సరాయికి పడిన దీర్ఘం

ఇది సముద్రం దాటిన కథ. ఇందులో ఎడారి ఉంది, రాజుల కాలంనాటి మధుశాల ఉంది, దాని మీద పుట్టిన నూరు పద్యాల కావ్యం ఉంది, మృత్యుశయ్య ఉంది, చివరి కోరిక ఉంది, విమానంలో దొంగచాటుగా వచ్చిన సరుకు కూడా ఉంది. చదివాక మీరు రెండు రోజులు అన్నం ముట్టకూడదు.

అలా మొదలుపెడితే బాగుంటుందని మొదలుపెట్టాను గానీ, ఎడారి అంటే మా క్యాంపు వెనక చెత్త పోసే జాగా. సముద్రం అంటే నీళ్ళు వెనక్కి పోయినప్పుడు కంపుకొట్టే తుబ్లీ తీరపు బురద. కావ్యం చొక్కా జేబులో పట్టేంత పుస్తకం. దొంగసరుకు ఒక ఊరగాయ డబ్బా. ఇక మిగిలింది, తన తెలివి మీద తనకు నమ్మకం ఎక్కువైన ఒక టైంకీపరు ఒక పెద్దమనిషికి చేసిన అన్యాయం. ఆ టైంకీపర్ని నేను.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి నీ వయసెంత అని అడుగుతారేమో. నేను ముప్పై ఒకటో ఏట రిటైరయ్యాను. నా అంతట నేను కాలేదు, కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, చేశాడు. వీసా అయిపోయినవాడికి జ్ఞాపకాలు రాయడం తప్ప వేరే ఉద్యోగం వెంటనే దొరకదు. పాస్‌పోర్టు ఫోటో కోసం తల దువ్వుకుంటున్న తమ్ముళ్ళకు ఇది పనికొస్తుందని నా ఆశ. పనికి రాకపోయినా నష్టం లేదు, నా తల దువ్వుకున్నప్పుడు కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు.

బహ్రెయిన్ నుంచి సౌదీకి సముద్రం మీద వంతెన కడుతున్న రోజులవి. ఆ వంతెన మేం కట్టలేదు. మేం కట్టింది జింజ్‌లో మూడంతస్తుల ఫ్లాట్లు. నా పని పొద్దున ఐదింటికి విజిల్ ఊదడం, బస్సు ఎక్కినవాడి పేరు పక్కన టిక్కు పెట్టడం, ఎక్కనివాడిని తిట్టడం. మా క్యాంపులో నలభై మంది తెలుగువాళ్ళు, ఎక్కువగా కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు. నేను గోదావరి జిల్లావాణ్ణి. వాళ్ళ భాష నాకు, నా భాష వాళ్ళకు ఎప్పుడూ కొంత నవ్వు తెప్పించేది. ఇంటర్ తప్పాను కాబట్టి క్యాంపులో అందరికంటే చదువుకున్నవాణ్ణి నేనే. ఉత్తరాలు, ఫారాలు, టెలిగ్రాంలు నా చేతి మీదుగా పోయేవి. ముఖ్యంగా టెలిగ్రాంలు. ఎంత పెద్ద కష్టాన్నయినా ఐదారు మాటల్లో కుదించగలనని నాకు పేరు. ఆ పేరుకు నేను తగనివాణ్ణని ఎవరికీ అప్పటికి తెలియదు.

మా పెద్ద మేస్త్రికి అరవైకి దగ్గర. చదువు రాదు. కానీ గోడ కట్టేటప్పుడు పద్యాలు చదువుతాడు. వాళ్ళ ఊరి శివార్లలో పాత బాట పక్కన ఒక సరాయి ఉందట. బాటసారులు రాత్రికి దిగే మకాం, తాగేవాళ్ళకు తాగడానికి కూడా చోటు. నవాబుల కాలందట. ఇప్పుడు సగం కూలిపోయింది. ఆ సరాయిని చూసి ఆ వైపు కవి ఒకాయన ఎప్పుడో నూరు పద్యాలు రాస్తే, అవి మూడు తరాలుగా పెళ్ళిళ్ళల్లో, బడుల్లో, పొలాల్లో నలుగుతున్నాయి. తాగుడు మీద రాసిన పద్యాలను ఇంత భక్తితో చదివే మనిషి జీవితంలో చుక్క ముట్టలేదు. వాళ్ళ నాయన తాగి పోయాడు. పెళ్ళినాడు భార్య చేతిలో చెయ్యేసి ముట్టనని చెప్పాడు, ముట్టలేదు. ఇదేం విడ్డూరం మేస్త్రిగారూ అని ఒకసారి అడిగితే, తాగినోడికి కల్లు కనపడతది, తాగనోడికి పద్యం కనపడతది అన్నాడు. నేను దాన్ని నా మాటగా చాలాచోట్ల వాడుకున్నాను.

ఆయన పని చేసే పద్ధతి వేరు. పద్యంలో ఒక్కో పాదానికి వరసలో ఒక్కో బారు ఇటుక పేరుస్తాడు. నాలుగో పాదం అయ్యేసరికి దారం ఆ కొస నుంచి ఈ కొసకు నిండుతుంది, తాపీ పిడితో చివరి ఇటుక మీద ఒక్కటి కొడతాడు. కూలీలకు పద్యం అర్థం కాకపోయినా సిమెంటు ఎప్పుడు అందించాలో దాన్నిబట్టే తెలిసేది. ఆయన ఎక్కువగా చదివేది ఈ పద్యం.

*దారి నడుమ పాత తలుపులు తెరచిన*
*ఇటుకగోడలోన నెవరి యిల్లు*
*గిన్నె నింపువాడు కేలు చాచి పిలుచు*

నాలుగోది తరవాత చెబుతాను. దాచిపెట్టి ఊరించడం కాదు, అప్పట్లో నాకూ తెలియదు. నాలుగో పాదం వచ్చేసరికి నేను ఎప్పుడూ ఎవడో ఒకణ్ణి తిడుతూ ఉండేవాణ్ణి.

ఆ ఏడాది వేసవిలో ఒక ఉదయం మేస్త్రి మూడో పాదం దగ్గర ఆగిపోయాడు. తాపీ కింద పడింది. మరిచిపోయాడనుకుని కింద ఉన్నవాళ్ళు నవ్వారు, నేను కూడా నవ్వాను. ఆయన మెల్లగా గోడకు ఆనుకుని, తను అప్పుడే పేర్చిన పచ్చి ఇటుకల మీదికి ఒరిగాడు.

సల్మానియా ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట వారం తరవాత కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. డాక్టరు ఇప్పుడే విమానం ఎక్కించవద్దని, కొన్ని వారాలు చూద్దామని చెప్పాడు. రోజూ సాయంత్రం నాలుగింటికి చూడనిచ్చేవాళ్ళు. నా డ్యూటీ మూడున్నరకే అయిపోతుంది కాబట్టి నేను పోయేవాణ్ణి. గొప్ప మనసుతో కాదు. ఆ వార్డులో ఏసీ బాగుండేది.

మాట వచ్చాక ఆయన మొదట అడిగింది ఇంటి గురించి కాదు.

"పంతులూ, నాలుగోది వస్తలేదు."

క్యాంపులో రాత పని నాది కాబట్టి ఆయనకు నేను పంతుల్ని. ఏది నాలుగోది అన్నాను. ఎడమ చేత్తో మంచం కమ్మీ మీద కొడుతూ మూడు పాదాలు చదివాడు. నోరు ఒక పక్కకు పోయినా ఒక్క అక్షరం జారలేదు. నాలుగోదానికి చెయ్యి కొట్టడానికి లేచింది గానీ నోట్లోంచి ఏమీ రాలేదు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. పోతే పోనివ్వండి, ఇంకా తొంభై తొమ్మిది ఉన్నాయిగా అన్నాను. నా హాస్యానికి ఆయన ఎప్పుడూ మర్యాదగా నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

తరవాతి రోజుల్లో అదే పని. అన్నం పెట్టబోతే పక్కకు తిరిగి మూడు పాదాలు. నర్సు సూది వేస్తుంటే మూడు పాదాలు. పక్క మంచం మీది అరబ్బు ముసలాయనకు కూడా ఆ తాళం పట్టుబడింది, నాలుగోసారి కమ్మీ మోగకపోతే ఇటు తిరిగి చూసేవాడు. చెయ్యి పోయింది, కాలు పోయింది, ఉద్యోగం ఎలాగూ పోయింది. ఆయన మాత్రం పోయింది ఆ ఒక్క పాదమే అన్నట్టు ఉన్నాడు.

"గోడ నడుమ ఇడిసిపెట్టినట్టున్నది బిడ్డా," అన్నాడు ఒకరోజు. "ఇంట్ల సరాయి పుస్తకం ఉన్నది. తెప్పియ్యి. ఎవలన్న చదివితె ఇంట. ఇగ నాకేం వద్దు."

అదే వారం వాళ్ళ పక్క ఊరి మనిషి ఒకడు కొత్త వీసా మీద మా కంపెనీకే వస్తున్నాడని తెలిసింది. ఉత్తరం రాస్తే అందేలోపు వాడు బయలుదేరతాడు. అందుకని మనామాలో టెలిగ్రాఫ్ ఆఫీసుకు పోయి ఫారం తీసుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. నాకున్న పేరుకు తగ్గట్టు అలంకారాలన్నీ తీసేసి రాశాను. హస్బెండ్ సీరియస్, వాంట్స్ సరాయి, సెండ్ విత్ కమింగ్ మ్యాన్. చదువుకుని చూసుకున్నాను. ఒక్క మాట ఎక్కువ లేదు. కౌంటరు దగ్గర ఉన్న మలయాళీ కూడా మెచ్చుకోలుగా తలాడించాడు, లేదా నాకలా అనిపించింది.

ఆ మనిషి రావడానికి పది రోజులుంది. ఆలోపు ఎవరికైనా ఈ పద్యం తెలుసేమోనని శుక్రవారం జింజ్‌లో ఒక ఫ్లాటులో జరిగే తెలుగు క్రైస్తవుల కూడికకు పోయాను. నేను క్రైస్తవుణ్ణి కాను, కానీ బహ్రెయిన్‌లో ఒకేచోట ముప్పై మంది చదువుకున్న తెలుగువాళ్ళు దొరికేది అక్కడే. ప్రార్థన అయ్యాక పెద్దాయన అడగమంటే లేచి నిలబడి, ఆసుపత్రిలో ఉన్న మనిషి కోసం ఈ పద్యం చివరి పాదం కావాలని మూడూ చదివాను. గిన్నె నింపువాడు కేలు చాచి పిలుచు అనగానే వెనక వరసలో ఇద్దరు ఆమెన్ అన్నారు. పెద్దాయన కళ్ళు మూసుకుని, గిన్నె సంగతి ఎంత చక్కగా చెప్పారు, ఇది ఏ కీర్తన బ్రదర్ అని అడిగాడు.

"కీర్తన కాదండీ, సరాయి మీద పద్యం," అన్నాను.

"సారాయి మీదా?" అన్నాడాయన.

ఆ తరవాత అంతా కుర్చీలు సర్దుకోవడం మొదలుపెట్టారు. బాటసారుల మకాం అని నేను చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినలేదు. ఈ సంగతి ఆ సాయంత్రం క్యాంపులో అభినయించి మరీ చెప్పాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నా ఎదురుగా ఒక మనిషి సరాయిని సారాయిగా విన్నాడు, ఆ ముక్క మీద నేను అరగంట నవ్వించాను, అయినా నా టెలిగ్రాం నాకు గుర్తు రాలేదు. తెలివిగలవాళ్ళకు ఇలాంటి సౌకర్యాలు ఉంటాయి.

ఆ కూడిక నుంచి వస్తుంటే మెట్ల మీద ఒకావిడ ఆపింది. గుంటూరు వైపు మనిషి, సల్మానియాలోనే నర్సు.

"ఏవండీ, ఆ పద్యం మాకు ఏడో తరగతిలో ఉండేదండీ. చివరిది నాకు వచ్చు. నేనే వచ్చి చెబుతాను."

మర్నాడు నాలుగింటికి ఆవిడ తన డ్యూటీ కాకపోయినా వార్డుకు వచ్చింది. మేస్త్రికి చెప్పాను, దొరికింది అని. ఆయన లేవలేడు గానీ మెడ లేపాడు. ఎడమ చెయ్యి కమ్మీ మీద పెట్టాడు. మూడు పాదాలు ఆయనే చదివాడు. నాలుగోది ఆవిడ బళ్ళో పిల్లలా చేతులు కట్టుకుని అప్పజెప్పింది.

"తాగి చెడకు నీవు దారి నడువు."

చెయ్యి కమ్మీని కొట్టింది. లెక్క సరిపోయింది. పక్క మంచం ముసలాయన కూడా హమ్మయ్య అన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రి మాత్రం మెడ దించేశాడు.

"అమ్మా, మీరు మంచోళ్ళు. కని గిది ఆయన రాసింది కాదు. గిది బడోళ్ళు పెట్టిన్రు."

మధుశాల మీది పద్యం పిల్లలకు చెప్పాలంటే ఎవరో పెద్దలకు బెంగ కలిగి, చివర్లో ఒక నీతి అతికించి ఉంటారు. పద్యం ఎలా ఉన్నా పిల్లలు చెడిపోకూడదు కదా. ఆవిడ చిన్నబోయింది. ఇరవై ఏళ్ళుగా ఒక తప్పు పాదాన్ని మోసుకు తిరిగానా అన్నట్టు నా వైపు చూసింది. అయినా ఆ తరవాత రోజూ డ్యూటీ దిగి పోయేముందు ఆయన మంచం దగ్గర ఆగి, వచ్చిందా తాతా అని అడిగి వెళ్ళేది. రాలేదమ్మా అనేవాడు.

పదో రోజు కొత్త మనిషి దిగాడు. క్యాంపుకు సాయంత్రం వచ్చాడు, మొహంలో రక్తం లేదు. చేతిలో మామిడికాయ ఊరగాయ రేకుడబ్బా. పుస్తకం ఏదిరా అంటే వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు.

"పుస్తకం ఏం పుస్తకమన్నా? సీస ఇచ్చిన్రు. ఊరగాయల పెట్టి ఇచ్చిన్రు. ఎయిర్‌పోర్టుల గా పోలీసాయన డబ్బల చెయ్యి వెట్టి తీసిండు. ఏంది అంటె దవా అన్న. వాసన చూసిండు. నాలుగు సార్లు అడిగిండు. అంత పారబోసి ఖలాస్, యల్లా అన్నడు. నన్ను మల్ల ఇమానం ఎక్కిస్తడనుకున్న అన్నా."

ఏం సీసా అని నేను అడగనక్కరలేదు. డబ్బా మూత తీయగానే నలభై మందికీ తెలిసింది. ఇంగ్లీషు అక్షరాల్లో సరాయికీ సారాయికీ తేడా లేదు. వాళ్ళ ఊళ్ళో పోస్టుమాస్టరు టెలిగ్రాం చదివి, మీ ఆయన చావుబతుకుల్లో ఉండి సారాయి అడుగుతున్నాడమ్మా అని చెప్పాడు. ఆ దీర్ఘం ఆయన పెట్టలేదు, నేను పెట్టించాను.

పారబోయగా మిగిలిన వాసన ఊరగాయకు పట్టింది. క్యాంపులో ఎవరూ దాన్ని పారేయలేదు. రెండు వారాలు వచ్చింది.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. మొదటిది పొరపాటు, దాన్ని క్షమించుకోవచ్చు. మర్నాడు సాయంత్రం నేను ఈ సంగతిని ఆసుపత్రిలో హాస్యకథగా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. పుస్తకం రాలేదని తెలిసినప్పుడు ఎలాగూ బాధపడతాడు కదా, దానికి కాస్త నవ్వు కలిపి ఇద్దామనుకున్నాను. పోస్టుమాస్టరుగా, కస్టమ్స్ అధికారిగా, ఊరగాయ డబ్బాగా కూడా నటించాను.

ఆయన చివరిదాకా విన్నాడు.

"అయితె మా ఆమె దుకాణం కాడికి పోయిందా?" అన్నాడు.

ఏ దుకాణం అన్నాను.

"సారాయి దుకాణం. లైన్ల నిలవడ్డదా? గామె?"

ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు పక్షవాతం వచ్చినప్పుడు చూడలేదు, పాదం మరిచిపోయినప్పుడు చూడలేదు. అప్పుడు చూశాను. ఒక కన్ను మాత్రమే తడిసింది. రెండోది చచ్చుబడిన పక్షానికి పోయింది.

"ఇగ పద్యం వద్దు తియ్యి," అన్నాడు. "ఆమెకు రాయి బిడ్డా. నేను అడగలేదని రాయి. పుస్తకమే అడిగిన అని రాయి."

రాస్తాను అన్నాను. ఆ రోజే కూర్చున్నాను కూడా. అమ్మా, మీ ఆయన అడిగింది సారాయి కాదు సరాయి అని మొదలుపెట్టి, ఆ వాక్యం చదువుకుంటే నాకే నవ్వులాటగా కనిపించి చించేశాను. రెండోసారి తప్పు నాదని రాశాను. అది కూడా చించేశాను, దానికి వేరే కారణం ఉంది. ఇలాంటిది నెమ్మదిగా రాయాలి, శుక్రవారం రాద్దాంలే అనుకున్నాను. బుధవారం పొద్దున విజిల్ ఊదుతుంటే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. పక్షవాతం రెండోసారి వచ్చిందట. మేం పోయేసరికి మంచం ఖాళీ చేసి దుప్పటి మార్చారు. ఆ నర్సు కారిడార్‌లో నిలబడి ఉంది. చివరిదాకా కమ్మీ కొడుతూనే ఉన్నాడండీ, మూడే అంది.

ఊరికి టెలిగ్రాం ఇచ్చాను. ఈసారి చాలా జాగ్రత్తగా, ఎక్కడా దీర్ఘాల గొడవ లేని మాటలు ఏరి రాశాను. చావుకు సంబంధించిన మాటల్లో అలాంటి ఇబ్బంది ఉండదు.

ఆ ఉత్తరం మాత్రం రాయలేదు. శవం పెట్టె ఊరికి కదిలేదాకా కాగితాల పని అన్నాను. తరవాత ఆవిడకు ఇప్పుడెందుకు గుర్తుచేయడం అన్నాను. తరవాత ఆవిడ మరిచిపోయి ఉంటుందిలే అన్నాను. ఇలా రెండేళ్ళు నెట్టుకొచ్చాను. నలభై మంది ఉత్తరాలు రాసినవాణ్ణి, నేను రాయాల్సిన ఒకే ఒక్క ఉత్తరం రాయలేదు. తమ్ముళ్ళూ, దీన్నుంచి ఏదైనా నేర్చుకోవాలని ఉంటే నేర్చుకోండి, నన్ను అడగకండి.

వీసా అయిపోయి వచ్చేశాక ఒకరోజు ఆ ఊరికి పోయాను. బస్సు దిగి సరాయి ఏదని అడిగితే, దుకాణం ఇంకా తెరవలేదన్నారు. అడిగే పద్ధతి మార్చుకుని మేస్త్రి ఇల్లు అడిగాను. ఆయన భార్య చేటలో బియ్యం చెరుగుతోంది. నేనెవరో చెప్పాను. లోపలికి రమ్మంది, మంచినీళ్ళు ఇచ్చింది. నేను తాగి చెంబు కింద పెట్టేదాకా ఆగింది.

"తాగిండా బిడ్డా?" అంది.

మంచినీళ్ళ గురించి కాదని అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది.

"ముప్పై ఏండ్లు ముట్టనోడు ఆఖరికి నోరు తెరిచి అడిగిండంటె పాణం ఎంత కొట్టుకున్నదో అనుకున్న," అంది. "పొద్దుగాలనే పోయిన. మా అన్నదమ్ములు చూసిన్రు, ఊరంత చూసిన్రు. చూస్తె చూసిన్రు. ఒక్క గుక్కన్న లోపటికి పోయిందా అని అడుగుతున్న."

దారిపొడుగునా ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. రెండు గుక్కలు తాగాడు, ప్రశాంతంగా పోయాడు. చక్కటి అబద్ధం, అందరికీ మేలు. కానీ ఆయన అడగలేదని చెప్పమన్నాడు. కాబట్టి మొత్తం చెప్పాను, నటించకుండా. సరాయి, సారాయి, టెలిగ్రాం, పారబోసిన సీసా, నాలుగో పాదం. ఆవిడ చెరగడం ఆపలేదు. అయ్యాక లేచి దూలం మీది నుంచి గుడ్డలో చుట్టిన పుస్తకం తీసి నా ముందు పెట్టి, మళ్ళీ చేట ముందు కూర్చుంది.

"గీ పుస్తకమా?"

చొక్కా జేబులో పట్టేంత పుస్తకం. ఆ పద్యం ఉన్న పేజీ వేళ్ళ మసితో నల్లబడి ఉండబట్టి వెంటనే దొరికింది. పైకి చదివాను. గిన్నె నింపువాడు కేలు చాచి పిలుచు అనే దగ్గర పేజీ తిప్పాలి. నేను తిప్పేలోపు ఆవిడ చేట మీంచి తల ఎత్తకుండా అంది.

"పేరు చెప్పమనడు, పీట వేయు."

తిప్పి చూశాను. అదే ఉంది. అంతేనా అనిపించింది. దీని కోసమా ఒక మనిషి మూడు వారాలు కమ్మీ కొట్టింది అనుకున్నాను. ఆ తరవాత ఇంకేమీ అనుకోలేకపోయాను.

"ముప్పై ఏండ్లు ఇన్న, నాకు రాదా?" అంది. "గీ ముక్క అడిగితె నేనే చెప్పి పంపకపోదునా. ఆయన అడగలేదు. మంచిది. అడగలేదు." ఆ మాట రెండు మూడు సార్లు తనలో తను అనుకుంది. తరవాత నా వైపు తిరిగింది. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి పుస్తకం అని ఒక్క మాట రాయకపోతివి?"

టెలిగ్రాంలో మాటలు పెరుగుతాయని ఏదో గొణిగాను. పరదేశం పోయే టెలిగ్రాంలో పది అక్షరాల దాకా అతికించి రాస్తే ఒక్క మాట కిందే లెక్క. సరాయికి ఇంగ్లీషులో ఐదు అక్షరాలు, బుక్కుకు నాలుగు, కలిపితే తొమ్మిది.